ఉపస్థాత

పాఠ్యభాగ నేపథ్యం

వైద్యాలయం అనగానే వైద్యుడు, ఔషధం, పరికరాలు మనసులో మెదలుతాయి. రోగిని పడకపై లేపి కూర్చోబెట్టే చేతులు, నోటికి నీళ్లందించే చేతులు, రాత్రివేళ పక్కన నిలిచే మనిషి ఎవరికీ వెంటనే గుర్తుకు రారు. క్యాన్సర్ చికిత్సాబృందంలో సహాయకులుగా పనిచేసేవారి వృత్తిస్వరూపాన్ని, దాని ప్రాచీనతను, నేటి స్థితిని వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఆయుర్వేదానికి ప్రమాణగ్రంథమైన చరకసంహిత చికిత్సకు నాలుగు పాదాలు ఉన్నాయని సూత్రస్థానంలో పేర్కొన్నది. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అన్నవి ఆ నాలుగు. ఇందులో పరిచారకునికి ఆ గ్రంథం వాడిన పేరు ‘ఉపస్థాత’. దగ్గర నిలిచి ఉండేవాడు అని ఆ మాటకు అర్థం. ఒక్కొక్క పాదానికి నాలుగు గుణాలు ఉండాలని చరకుడు నిర్దేశించాడు. ఉపస్థాతకు చెప్పిన గుణాలు ఇవి: ఉపచారం చేసే పద్ధతి తెలిసి ఉండటం, దక్షత, రోగిపట్ల అనురాగం, శౌచం. వైద్యునికి చెప్పిన నాలుగు గుణాలలో కూడా దక్షత, శౌచం ఉన్నాయి. నలుగురిలో వైద్యుడే ప్రధానుడని చరకసంహిత స్పష్టంగా చెప్పింది. అయినా వైద్యుని గుణాలలో సగం పరిచారకునికి కూడా ఉండి తీరాలని భావించింది. అనురాగమన్న గుణాన్ని మాత్రం వైద్యుని జాబితాలో కాక పరిచారకుని జాబితాలో చేర్చింది.

బౌద్ధ వినయపిటకంలోని మహావగ్గలో ఒక ఘట్టం ఉన్నది. అతిసారంతో బాధపడుతూ తన మలమూత్రాలలోనే పడి ఉన్న ఒక భిక్షువును బుద్ధుడు చూశాడు. తోటి భిక్షువులెవరూ అతనిని పట్టించుకోలేదు. బుద్ధుడు ఆనందునిచేత నీళ్లు తెప్పించి, తానే స్వయంగా నీళ్లు పోసి, ఆనందునితో ఆ భిక్షువు ఒళ్లు కడిగించి, ఇద్దరూ కలిసి మంచంపై పడుకోబెట్టారు. తనను సేవించదలచినవారు రోగిని సేవించాలని తరువాత భిక్షువులకు బోధించాడు. రోగి శరీరాన్ని శుభ్రం చేయడం హీనమైన పని కాదని ఆ మహనీయుడు చేసి చూపించాడు.

నేటి ఆసుపత్రులలో ఉపస్థాతకు అనేక పేర్లు ఉన్నాయి. ఆయా, వార్డుబాయ్, అటెండెంటు, పేషెంట్ కేర్ అసిస్టెంటు అన్నవి వాటిలో కొన్ని. ప్రభుత్వ కొలువుల లెక్కలో చిరకాలం వీరిని నాలుగో తరగతి ఉద్యోగులన్నారు. పాదచతుష్టయంలో ఒక పాదంగా నిలిచిన మనిషి కాలక్రమంలో నాలుగో తరగతికి దిగిపోయాడు. మంచానికి నాలుగు కోళ్లలో ఒకటి విరిగితే మిగిలిన మూడూ ఎంత గట్టివైనా మంచం నిలువదు. క్యాన్సర్ వంటి దీర్ఘవ్యాధుల చికిత్సలో ఈ సత్యం మరింత స్పష్టంగా తెలుస్తుంది.

క్యాన్సర్ చికిత్స ఒక్కరి చేతిలో సాగేది కాదు. శస్త్రచికిత్స చేసేవారు ఒకరు, కీమోథెరపీ మందులు నిర్ణయించేవారు మరొకరు, రేడియేషన్ ఇచ్చేవారు ఇంకొకరు. వీరితోపాటు వ్యాధినిర్ధారణ చేసే పాథాలజిస్టు, నర్సులు, సాంకేతిక నిపుణులు, పోషకాహార నిపుణులు, సామాజిక కార్యకర్తలు ఉంటారు. ప్రతి ఒక్కరూ రోగిని కొద్దిసేపు చూసి తమ పని ముగించుకొని వెళ్తారు. ఒక విభాగం నుండి మరొక విభాగానికి రోగి వెంట నడిచేది, పగలూ రాత్రీ పడక పక్కన మసలేది సహాయకులే.

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని పరిశీలించవచ్చు. తెలుగు కవులు మల్కిభరాముడని కొనియాడిన ఇబ్రహీం కుతుబ్‌షా పేరుతో వెలసిన ఈ పట్టణం హైదరాబాదు నుండి నాగార్జునసాగర్‌కు వెళ్లే రహదారిపై ఉన్నది. ఆ కాలపు పెద్దచెరువు నేటికీ ఈ ఊరి ఆనవాలు. రాజధానికి ఇంత చేరువలో ఉండటం రోగులకు మేలే. అయినా సుమారు 30 కిలోమీటర్ల దూరం ఆరోగ్యవంతునికి ఒక లెక్క, క్యాన్సర్ రోగికి మరొక లెక్క.

ఈ ప్రాంతపు పల్లెలో కూలిపనికి పోయే ఒక మధ్యవయస్కురాలికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఉన్నట్లు తేలిందని అనుకుందాం. స్థానిక ప్రభుత్వ ఆసుపత్రి నుండి ఆమెను హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి పంపుతారు. ఎల్.బి.నగర్ దాకా బస్సులో, అక్కడినుండి మెట్రోలోనో మరో బస్సులోనో లక్డీకాపూల్ దాకా వెళ్లి, రెడ్ హిల్స్‌లోని ఆసుపత్రిని చేరుకోవాలి. చీటీ రాయించుకునే చోటు ఒకటి, రక్తపరీక్ష చేసే చోటు మరొకటి, స్కానింగ్ ఇంకొక చోట. ముక్కపరీక్ష ఫలితం కోసం కొన్ని రోజులు ఆగాలి. ఆరోగ్యశ్రీ కాగితాలు సిద్ధం కావాలి. రేడియేషన్ మొదలైతే వారానికి ఐదు రోజుల చొప్పున వరుసగా కొన్ని వారాలు సాగుతుంది. ఒక్క రోజు కూలి పోతేనే ఇల్లు గడవని కుటుంబంలో అన్ని రోజులు తోడుగా వచ్చేవారెవరు? చదువురాని మనిషి ఏ గదికి పోవాలో ఎవరిని అడగాలి? కొంత నొప్పి తగ్గగానే ఇక నయమైందని భావించి చికిత్స మధ్యలో మానివేసేవారు ఉన్నారు. మందు లేక కాదు, వైద్యుడు లేక కాదు, దారి చూపి వెంట నిలిచే మనిషి లేక చికిత్స ఆగిపోయే సందర్భాలు ఇవి.

ఇటువంటి మనిషి విలువను అమెరికాలోని హార్లెం ప్రాంతంలో ఒక శస్త్రవైద్యుడు నిరూపించాడు. డాక్టర్ హెరాల్డ్ ఫ్రీమన్ 1990లో హార్లెం ఆసుపత్రిలో పేదరోగులకు తోడుగా నడిచే సహాయకుల వ్యవస్థను ప్రారంభించాడు. అంతకుముందు అక్కడ రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీలలో 5 సంవత్సరాలు జీవించినవారు 39 శాతం మాత్రమే. ఉచిత పరీక్షలు, ఈ సహాయకుల తోడ్పాటు రెండూ కలిసిన తరువాత ఆ సంఖ్య 70 శాతానికి పెరిగింది. మన దేశంలో టాటా మెమోరియల్ ఆసుపత్రి ఇటువంటి మార్గదర్శకులను తయారుచేయడానికి 2019లో ‘కేవట్’ అన్న కార్యక్రమాన్ని చేపట్టింది. కేవట్ అనగా పడవ నడిపేవాడు. వనవాసానికి బయలుదేరిన శ్రీరాముని గంగ దాటించిన గుహుని వృత్తాంతం తెలుగువారికి సుపరిచితమే. నది ఎంత లోతో తెలిసినవాడు, దాటవలసినవారిని పడవలో ఎక్కించుకొని తానూ వెంట వచ్చేవాడు కేవట్. ఈ వృత్తికి అంతకంటె తగిన పేరు దొరకడం కష్టం.

వార్డులో సహాయకుని పని తెల్లవారకముందే మొదలవుతుంది. పడకలు సర్దడం, దుప్పట్లు మార్చడం, రోగికి ముఖం కడిగి ఒళ్లు తుడవడం పైకి తేలికగా కనిపించే పనులు. అయితే ప్రతి పనికీ ఒక పద్ధతి, ఆ పద్ధతికి ఒక కారణం ఉన్నాయి. కదలలేని రోగిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే నడుము, మడమలవద్ద రక్తప్రసారం తగ్గి పడకపుండ్లు పడతాయి. కీమోథెరపీ వల్ల నోరు పూసినవారికి మెత్తని బ్రష్షుతో నోరు శుభ్రం చేయించి, ఉప్పునీళ్లతో పుక్కిలింపజేయాలి. కారం లేని మెత్తని అన్నం, చల్లారిన రాగిజావ అందించాలి. రేడియేషన్ కోసం చర్మంపై గీసిన గుర్తులను రుద్ది చెరిపివేయకూడదు. ఆ భాగంపై పసుపు, నూనె పూయడం, కాపడం పెట్టడం తగదు. ఇంటివారు ప్రేమతోనే ఈ పనులకు పూనుకుంటారు. వారిని నొప్పించకుండా వారించడం సహాయకుని నేర్పు.

కీమోథెరపీ మందులు క్యాన్సర్ కణాలతోపాటు ఇతర కణాలపై కూడా ప్రభావం చూపుతాయి. మందు తీసుకున్న తరువాత సుమారు రెండు రోజులపాటు రోగి మలమూత్రాలలో, వాంతిలో ఆ మందు జాడలు ఉంటాయి. అందువల్ల చేతి తొడుగులు లేకుండా వాటిని తాకరాదు. మందు ఇచ్చిన ఒకటి రెండు వారాలలో రక్తంలోని తెల్లకణాలు బాగా తగ్గుతాయి. ఆ సమయంలో ఇతరులకు చిన్నదిగా తోచే జ్వరం కూడా ఆ రోగికి ప్రాణాంతకం కాగలదు. రోగి ఒళ్లు వేడిగా ఉన్నదని ముందుగా గుర్తించేది తరచుగా దుప్పటి సర్దుతున్న ఆయాయే. ఆ మాటను తెల్లవారేదాకా దాచక వెంటనే నర్సుకు చెప్పడం అత్యవసరం. వైద్యుని చేతిలోని మందు సమయానికి పనిచేయాలంటే ఆయా నోటిమాట సమయానికి అందాలి.

సహాయకుడు చేయకూడని పనులు కూడా ఉన్నాయి. సెలైన్ వేగాన్ని తాను మార్చకూడదు. మందును తన ఇష్టానుసారం ఇవ్వకూడదు. ఒక రోగి వివరాలను మరొకరికి చెప్పకూడదు. తన హద్దు తెలుసుకొని మసలడం చరకుడు చెప్పిన దక్షతలో భాగమే.

ఈ వృత్తిలో అన్నిటికంటె కఠినమైన ఘట్టం మాటకు సంబంధించినది. మన సమాజంలో క్యాన్సర్ అన్న పేరును రోగికి తెలియనీయకుండా దాచే అలవాటు ఉన్నది. “ఆమెకు చెప్పొద్దు” అని కుటుంబసభ్యులు వైద్యులను, నర్సులను, చివరకు ఆయాలను సైతం వేడుకుంటారు. రోగికి మాత్రం అందరి ముఖాలలో ఏదో తేడా తోస్తుంది. పగలు ఎవరినీ అడగలేని ప్రశ్నను నడిరేయి పక్కన ఉన్న మనిషిని అడుగుతుంది. “బిడ్డా, నాకేమైంది? నేను మంచిగైతనా?” అన్న ఆ ప్రశ్నకు సహాయకురాలు ఏమని జవాబివ్వాలి? “నీకేం కాదు” అనడం అసత్యం. ఉన్నది ఉన్నట్లు చెప్పడం తన అధికారంలో లేనిది. మొగం తిప్పుకొని వెళ్లిపోవడం క్రూరత్వం. “అవ్వా, పొద్దుగాల డాక్టరు సారు వస్తరు. నీ మనసుల ఉన్నదంతా అడుగు. నేను పక్కనే ఉంట” అని చెప్పి, కాసేపు చేయి పట్టుకొని కూర్చోవడం మేలైన మార్గం. ఆ తరువాత రోగి అడిగిన సంగతిని నర్సుకు, వైద్యునికి తెలియజేయాలి. అప్పుడే ఆ ప్రశ్న తగినవారిని చేరి, తగిన జవాబు పొందే అవకాశం కలుగుతుంది. ఉపస్థాత అన్న పేరుకు ఇక్కడ పూర్తి అర్థం సిద్ధిస్తుంది. జవాబు తెలిసినవాడని కాదు, దగ్గర నిలిచేవాడని కదా ఆ మాటకు అర్థం.

మరణానికి చేరువైన రోగుల సంరక్షణను ఆధునిక కాలంలో తీర్చిదిద్దిన సిసిలీ సాండర్స్ (1918–2005) జీవితం కూడా పడక పక్కనే మలుపు తిరిగింది. ఇంగ్లండుకు చెందిన ఆమె మొదట నర్సు. నడుమునొప్పి వల్ల ఆ వృత్తిని వదిలి, ఆసుపత్రిలో రోగుల కష్టసుఖాలు విచారించే సామాజిక సేవకురాలిగా చేరింది. క్యాన్సర్‌తో మరణిస్తున్న డేవిడ్ టాస్మా అన్న పోలెండు శరణార్థి పక్కన కూర్చొని ఆమె అతని మాటలు విన్నది. 1948లో మరణించే ముందు అతడు ఆమె తలపెట్టబోయే ఆశ్రయానికి 500 పౌండ్లు విడిచి వెళ్లాడు. ఆ తరువాత వైద్యవిద్య అభ్యసించి, 1957లో వైద్యురాలై, 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించింది. దేహబాధ, మనోవ్యథ, కుటుంబచింత, మృత్యుభయం అన్నీ కలిసినదే రోగి అనుభవించే సంపూర్ణ వేదన అని ఆమె సిద్ధాంతీకరించింది. వైద్యశాస్త్రానికి ఆమె చేసిన ఈ మహోపకారానికి బీజం పడక పక్కన వినడంలోనే ఉన్నది.

మన దేశంలో ఇటువంటి తొలి ఆశ్రయం 1986లో ముంబయిలో ‘శాంతి అవేదన’ పేరుతో వెలసింది. 1993లో కోళికోడ్ వైద్యకళాశాలలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన మిత్రులు ప్రారంభించిన ఉపశమన చికిత్సాకేంద్రం కేరళ అంతటా ఒక ఉద్యమానికి దారితీసింది. శిక్షణ పొందిన సామాన్య పౌరులు తమ వీధిలోని రోగుల ఇళ్లకు వెళ్లి సేవచేయడం ఆ ఉద్యమం ప్రత్యేకత. 2008లో కేరళ ప్రభుత్వం దీనికొక విధానాన్ని ప్రకటించింది.

తెలుగునాట క్యాన్సర్ వైద్యానికి పునాది 1955లో పడింది. మెహదీ నవాజ్ జంగ్ చొరవతో హైదరాబాదులో నెలకొన్న ఆసుపత్రి ఆయన పేరుతోనే నేడు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిగా ప్రసిద్ధి చెందింది. ఆయన తరువాత 1960లో గుజరాత్ రాష్ట్రానికి తొలి గవర్నరయ్యారు. ఎన్.టి. రామారావు సతీమణి బసవతారకం క్యాన్సర్‌తో మరణించగా, ఆమె పేరుతో నిర్మించిన ఆసుపత్రి 2000 సంవత్సరంలో హైదరాబాదులో ప్రారంభమైంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల పేదలకు ఈ చికిత్స అందుబాటులోకి వచ్చింది. ఎం.ఎన్.జె. ఆసుపత్రిలో 2006 నుండి డాక్టర్ గాయత్రి పాలట్ నేతృత్వంలో ఉపశమన చికిత్స రూపుదిద్దుకున్నది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత ఈ సేవలు జిల్లాలకు విస్తరించాయి. రంగారెడ్డి జిల్లాలో చేవెళ్ల ప్రభుత్వ ఆసుపత్రిలో ఇటువంటి కేంద్రం ఏర్పడింది. కదలలేని రోగుల ఇళ్లకు వెళ్లి సేవలందించే కార్యక్రమానికి ‘ఆలన’ అన్న అచ్చతెలుగు పేరు పెట్టారు. ఆలన అంటే కనిపెట్టి చూసుకోవడం. ఉపస్థాత అన్న సంస్కృతపదం చెప్పిన భావమే ఈ చిన్నమాటలోనూ ఒదిగి ఉన్నది.

ఇంత విలువైన సేవ చేసేవారి స్థితి మాత్రం ఆశాజనకంగా లేదు. ఆసుపత్రులలో సహాయకులలో ఎక్కువమంది గుత్తేదారుల ద్వారా చేరిన ఒప్పంద కార్మికులు. జీతం తక్కువ, సెలవులు తక్కువ, పడకలు ఎక్కువ. నెలల తరబడి సేవచేసిన రోగి కన్నుమూస్తే, ఆ మధ్యాహ్నమే అదే పడకను శుభ్రం చేసి మరొకరిని పడుకోబెట్టాలి. ఆ దుఃఖాన్ని చెప్పుకోవడానికి వారికి చోటు ఉండదు. మరొక వైపు, చక్రాలకుర్చీ తోయడానికి, శవాన్ని అప్పగించడానికి కొందరు రోగుల బంధువుల ముందు చేయి చాస్తారన్న ఫిర్యాదు కూడా ఉన్నది. పేదవాని కష్టకాలంలో అతని జేబుపై కన్నువేయడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. శౌచమన్న గుణం దేహశుద్ధికే పరిమితం కాదు, చేతిశుద్ధి కూడా అందులో భాగమే. అయితే మనిషికి బతుకు గడిచే వేతనం, వృత్తికి తగిన గౌరవం ఇవ్వకుండా ఆ శుద్ధిని ఆశించడం కూడా న్యాయం కాదు. తప్పును ఖండించే సమాజం తన బాధ్యతను మరువరాదు.

ఈ వృత్తిలో ప్రవేశించగోరే యువతీయువకులకు మార్గాలు ఉన్నాయి. ఇంటర్మీడియట్ వృత్తివిద్యా కోర్సులలో మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు ఒకటి. నైపుణ్యాభివృద్ధి కార్యక్రమాల కింద జనరల్ డ్యూటీ అసిస్టెంటు శిక్షణ మరొకటి. రోగిని ఎత్తే పద్ధతి, చేతులు కడిగే పద్ధతి, వ్యర్థాలను పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల పాత్రలలో వేరుచేసే పద్ధతి నేర్చుకొని చేయవలసినవి. ఎవరైనా చేయగల పని అన్న అభిప్రాయమే ఈ వృత్తికి మొదటి అవమానం.

క్యాన్సర్ రోగులలో కొందరు కోలుకుంటారు, కొందరు కోలుకోరు. వైద్యుని విజయాన్ని కోలుకున్నవారి సంఖ్యతో లెక్కించవచ్చు. ఉపస్థాత సేవకు అటువంటి లెక్క లేదు. కోలుకున్నవానికి ఎంత సేవ చేశాడో, కోలుకోనివానికీ అంతే సేవ చేస్తాడు. ఇక చేయగలిగినది ఏమీ లేదని వైద్యం చెప్పిన తరువాత కూడా పొడిబారిన పెదవులను తడిగుడ్డతో తడపడం మిగిలి ఉంటుంది. నలిగిన దుప్పటిని సరిచేయడం, కిటికీ తెరవడం, రాని కొడుకు కోసం చూసే తల్లితో రెండు మాటలు మాట్లాడటం మిగిలి ఉంటాయి. ఆ పనులు చేసేవారు ఉన్నంతకాలం చికిత్స ముగిసిపోలేదని చెప్పవచ్చు.

కఠిన పదాలకు అర్థాలు

ఉపచారం – సేవ, సపర్య
దక్షత – సామర్థ్యం, నేర్పు
శౌచం – శుభ్రత, శుచిత్వం
పాదచతుష్టయం – నాలుగు పాదాల సముదాయం
అతిసారం – నీళ్ల విరేచనాల వ్యాధి
ఉపశమనం – బాధ తగ్గడం
మంచపుకోడు – మంచపు కాలు (బహువచనం: కోళ్లు)
గుత్తేదారు – కాంట్రాక్టరు

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. చరకసంహిత ఉపస్థాతకు చెప్పిన గుణాలు నేటి క్యాన్సర్ సహాయకుల పనిలో ఎలా ప్రతిఫలిస్తున్నాయో వివరించండి.
2. మందులు, వైద్యులు ఉన్నప్పటికీ చికిత్స మధ్యలో ఆగిపోవడానికి గల కారణాలను పాఠం ఆధారంగా చర్చించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. సిసిలీ సాండర్స్ చెప్పిన ‘సంపూర్ణ వేదన’ అంటే ఏమిటి?
2. ‘కేవట్’ అన్న పేరులోని ఔచిత్యాన్ని తెల్పండి.
3. “నాకేమైంది?” అని రోగి అడిగినప్పుడు సహాయకురాలు ఎలా ప్రవర్తించాలి?

సంధులు

వైద్యాలయం = వైద్య + ఆలయం – సవర్ణదీర్ఘ సంధి
మహోపకారం = మహా + ఉపకారం – గుణసంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
మరొకరు = మరి + ఒకరు – ఇత్వసంధి

సమాసాలు

నాలుగు గుణాలు – నాలుగు సంఖ్యగల గుణాలు – ద్విగు సమాసం
యువతీయువకులు – యువతులును, యువకులును – ద్వంద్వ సమాసం
మృత్యుభయం – మృత్యువు వలన భయం – పంచమీ తత్పురుష సమాసం
దేహబాధ – దేహమందలి బాధ – సప్తమీ తత్పురుష సమాసం